క్రాఫ్టు గది వైసు

మన బడిలో ముప్పై ఏళ్ల కిందటి దాకా చదివిన వారందరికీ క్రాఫ్టు గది గుర్తుండే ఉంటుంది. ప్రార్థన జరిగే వేపచెట్టుకు వెనుకగా, పెంకుల కప్పుతో, రెండు కిటికీలతో ఉండేది. లోపల అడుగు పెడితే చెక్కపొట్టు, కిరోసిన్, తుప్పు కలిసిన వాసన. గది మధ్యలో టేకు బల్ల. ఆ బల్ల అంచున నాలుగు బోల్టులతో బిగించిన నల్లటి ఇనుప వైసు. కర్రయినా, రేకయినా, కడ్డీ అయినా దాని దవడల మధ్య పెట్టి పిడి తిప్పితే ఇక కదిలేది కాదు.

ఈ సావనీరుకు బడి చరిత్ర మీద ఏదైనా రాయమని సంపాదక వర్గం వారు అడిగారు. హెడ్మాస్టర్ల గురించి, ఫలితాల గురించి రాయడానికి నాకన్నా పెద్దలున్నారు. నేను ఇంజనీరును, నాకు తెలిసింది ఇనుము. అందుకని ఆ వైసు చరిత్ర రాస్తున్నాను. అది ఎక్కడ పుట్టింది, మన ఊరికి ఎలా వచ్చింది, ఎలా పాడైంది, మళ్లీ ఎలా దొరికింది అన్నదే ఈ వ్యాసం. పాడైన సంగతి దగ్గర నేను చెప్పుకోవలసిన మాట ఒకటుంది. దాన్ని దాని చోటనే చెబుతాను.

పాత ఇనుము కొట్టులో

పాత వైసులు వెతకడం నాకు పదిహేనేళ్లుగా ఉన్న అలవాటు. ఉద్యోగరీత్యా ఏ ఊరు వెళ్లినా ఆదివారం పూట అక్కడి పాత ఇనుము కొట్లు చూస్తాను. మా ఇంట్లోవాళ్లు దీన్ని జబ్బు అంటారు. ఇప్పటికి పదకొండు వైసులు బాగుచేశాను. వాటిలో ఎనిమిది ఎవరో ఒకరి బల్ల మీద మళ్లీ పని చేస్తున్నాయి.

కొనే ముందు చూడవలసినవి నాలుగే. మొదట, కదిలే దవడను పూర్తిగా బయటికి లాగి లోపలి మర చూడాలి. పైన తుప్పు ఎంత ఉన్నా ఫరవాలేదు, మర పళ్లు మందంగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. రెండోది, సుత్తితో మెల్లగా తట్టి వినాలి. గంటలా మోగితే మంచిది, పగిలిన కుండలా పలికితే రంగు కింద ఎక్కడో బీట ఉన్నట్టు. మూడోది, దవడలు మూసినప్పుడు రెండూ సమంగా కలుస్తున్నాయో లేదో చూడాలి. నాలుగోది, అక్షరాలు. పాత వైసు ఒంటి మీద పోతలోనే అక్షరాలు ఉంటాయి. పదిపూతల రంగు కింద కూడా వేలికి తగులుతాయి.

మూడేళ్ల కిందట మన క్రాఫ్టు గదిని పడగొట్టి కొత్త తరగతి గదులు కట్టారు. లోపలి సామాను వేలం వేశారని నాకు ఆలస్యంగా తెలిసింది. సెలవు పెట్టి వచ్చి ఊళ్లో ఉన్న మూడు పాత ఇనుము కొట్లూ తిరిగాను. మూడో కొట్టులో, విరిగిన కుర్చీ కాళ్ల కింద కనిపించింది. ఎడమ దవడ మీద ఉన్న గాట్లు చూడగానే గుర్తుపట్టాను.

"బాబాయ్, ఇది బడిలోదేనా?"

"అవును బాబూ. ఏడాది నుంచి పడి ఉంది. పోత ఇనుము కదా, పగలగొట్టి పంపుదామంటే కుర్రాళ్లకు చేతకాలేదు. రెండు సుత్తులు విరిచారు."

కాటా మీద ఇరవై రెండు కిలోలు తూగింది. కిలో నలభై లెక్కన ఎనిమిది వందల ఎనభై రూపాయలు ఇచ్చి కారులో వేసుకున్నాను. ఆయన చిల్లర ఇస్తూ, "దీంతో ఏం చేస్తారు బాబూ?" అన్నాడు. అప్పటికి నా దగ్గర సరైన సమాధానం లేదు.

పట్టుకునే చేయి

వైసు చేసే పని చెప్పడానికి చాలా చిన్నది. మనిషికి మూడో చేయి అవుతుంది. మన ఊళ్లలో వడ్రంగులు నేలమీద కూర్చుని కాలివేళ్లతో కర్రను పట్టి ఉంచి చిత్రిక పట్టడం మనలో చాలామంది చూసిందే. కమ్మరి పట్టకారుతో ఎర్రటి ఇనుమును దాగలి మీద పట్టుకుంటే, ఇంకొకరు సమ్మెట వేస్తారు. అంటే పట్టుకోవడానికే ఒక అవయవమో, ఒక మనిషో కావాలి. వైసు వచ్చాక ఆ పని ఒక మరకు అప్పజెప్పి, రెండు చేతులతో ఆకురాయి పట్టడం వీలైంది.

ఐరోపా కమ్మరులు వందల ఏళ్లు వాడినది లెగ్ వైసు. దాని కాలు ఒకటి నేల దాకా దిగి ఉంటుంది. సాగగొట్టిన ఇనుముతో చేసేవారు. దవడల మీద మాత్రం ఉక్కు ముక్కలు కొలిమిలోనే అతికేవారు. సుత్తి దెబ్బ బల్లకు తగలకుండా కాలి గుండా నేలలోకి పోతుంది. ఒక మూతపడిన కొలిమిలో దొరికిన లెగ్ వైసు నా దగ్గర ఒకటుంది. దాని నట్టు గొట్టం విప్పి చూస్తే ఆశ్చర్యం వేసింది. లోపలి మర కోసి చేసింది కాదు. చదరపు ఇనుప పట్టీని మెలిక తిప్పి, గొట్టంలో కూర్చి, ఇత్తడి కరిగించి అతికారు. లోపలి మర కోసే సౌకర్యం లేని రోజుల్లో కమ్మరి పట్టుకున్న ఉపాయం అది.

ఆ కాలంలో ఏ వైసు మర దానిదే. ఒకదాని నట్టు ఇంకొకదానికి పట్టదు. 1800 ప్రాంతంలో లండన్‌లో హెన్రీ మాడ్‌స్లే మరలు కచ్చితంగా కోసే లేతును తీర్చిదిద్దాడు. అతని కార్ఖానాలో పని నేర్చిన జోసెఫ్ విట్‌వర్త్ 1841లో మరలన్నిటికీ ఒకే పద్ధతి ఉండాలని ప్రతిపాదించాడు. పంటి కోణం 55 డిగ్రీలు, ఏ మందానికి అంగుళానికి ఎన్ని పళ్లు అన్నది ఒక పట్టిక. ఎవరు చేసిన బోల్టయినా ఎవరి నట్టుకైనా పట్టాలన్న ఆలోచన అక్కడ స్థిరపడింది.

లెగ్ వైసుకు ఒక లోపం ఉంది. కదిలే దవడ కింద ఇరుసు మీద తిరుగుతుంది కాబట్టి నోరు తెరిచినకొద్దీ దవడలు వి అక్షరంలా విడిపోతాయి. మందపాటి వస్తువును కింది అంచులతో మాత్రమే పట్టుకుంటుంది. యంత్రాల భాగాలను చదునుగా ఆకురాయి పట్టే ఫిట్టర్లకు అది కుదరదు. 19వ శతాబ్దంలో పోత ఇనుము చవకగా దొరకడంతో, దవడ తిన్నగా ముందుకూ వెనక్కూ జారే బెంచి వైసులు వచ్చాయి. ఇంగ్లండులో యార్క్‌షైర్ ప్రాంతపు షిప్లీ పట్నంలో పార్కిన్సన్ కంపెనీ 'పర్ఫెక్ట్ వైస్' అనే పేరుతో చేసినవి పేరుపడ్డాయి. వాటిలో నట్టు పూర్తి గుండ్రం కాదు, సగం నట్టు. పిడి పక్కనున్న మీట నొక్కితే ఆ సగం నట్టు మర నుంచి విడిపోతుంది. దవడను ఒక్క లాగుతో ఎంత కావాలంటే అంత జరపవచ్చు. మీట వదిలితే మళ్లీ పళ్లలో పడుతుంది. తర్వాత షెఫీల్డు నుంచి 'రికార్డ్' నీలిరంగు వైసులు వచ్చాయి. మన పాత వర్క్‌షాపుల్లో ఈ రెండు పేర్లూ వినిపించేవి.

రైలు తెచ్చిన సామాను

మన దేశానికి ఇవి పెద్ద సంఖ్యలో వచ్చింది రైళ్లతోనే. ఇంజన్లు ఇంగ్లండు నుంచి దిగినా వాటి మరమ్మతు ఇక్కడే జరగాలి. బీహారులోని జమాల్‌పూర్ వర్క్‌షాపు 1862లో, సికింద్రాబాదులోని లాలాగూడ వర్క్‌షాపు 1893లో మొదలయ్యాయి. వాటిలో ఫిట్టర్లు వరసగా నిలబడే బల్లలు, బల్లలకు వైసులు. నేలమీద కూర్చుని పనిచేసిన మన కమ్మరి, వడ్రంగి కుటుంబాల వారిలో కొందరు అక్కడ నిలబడి పనిచేయడం నేర్చుకున్నారు.

మన వైసు ఆ దారిలోనే వచ్చింది. దాని మీద నల్లరంగు, దాని కింద ఆకుపచ్చ, ఆ కింద ఎర్ర సింధూరపు పూత తీసేశాక పోత అక్షరాలు బయటపడ్డాయి: పార్కిన్సన్, షిప్లీ. మీట ఉండటం చూసి పేరు ముందే ఊహించాను. ఊహించనిది మరొకటి కనిపించింది. వెనుక దవడ పక్కన పంచితో ఒక్కొక్కటిగా కొట్టిన ఎం, ఎస్, ఎం, ఆర్ అనే ఇంగ్లీషు అక్షరాలు. మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే. బెజవాడ మీదుగా వెళ్లే మన మెయిన్ లైను ఒకప్పుడు వాళ్లదే. ఆ కంపెనీ 1908లో ఏర్పడింది. 1951 ఏప్రిల్ 14న దక్షిణ రైల్వేలో కలిసిపోయింది. ఆ పేరు ముద్ర వేశారంటే ఆ నలభై మూడేళ్ల లోపు వైసు రైల్వే సొత్తు అయి ఉండాలి.

బడికి ఎలా వచ్చిందన్నది స్టాకు రిజిస్టర్లలో దొరికింది. హెడ్మాస్టరు గారు అనుమతి ఇస్తే రెండు మధ్యాహ్నాలు కూర్చుని చూశాను. 1950ల చివరి పేజీల్లో ఒక పంక్తి ఉంది: "రైల్వే వేలములో కొన్న పాత బెంచి వైసు, 1." లక్ష్మణస్వామి మొదలియార్ అధ్యక్షతన ఏర్పడిన మాధ్యమిక విద్యా సంఘం 1953లో ఇచ్చిన నివేదికలో ప్రతి విద్యార్థీ ఏదో ఒక చేతిపని నేర్చుకోవాలనీ, సాంకేతిక విద్య కూడా ఉండే బహుళార్థసాధక పాఠశాలలు పెట్టాలనీ సిఫారసు చేసింది. ఆ ఊపులోనే మన బడిలోనూ క్రాఫ్టు గది వెలిసింది. కొత్త వైసు కొనే డబ్బు లేక రైల్వే వాళ్లు పక్కన పెట్టినదాన్ని తెచ్చి ఉంటారు. ఆ పాతదే మూడు దశాబ్దాలకు పైగా పిల్లలకు పని నేర్పింది.

విరిగిన రోజు

క్రాఫ్టు మాస్టారు తెల్లని పంచె, పొట్టిచేతుల చొక్కాతో ఉండేవారు. గదిలో ఆయన పెట్టిన నియమాలు రెండు. వైసు మీద దవడ ఎత్తు నిలబడ్డవాడి మోచేతికి సమంగా ఉండాలి. పొట్టి పిల్లల కోసం రెండు పీటలు ఆయనే చేసి పెట్టారు. రెండో నియమం, పిడిని చేత్తోనే తిప్పాలి. "చేత్తో బిగించినది చాలదంటే, నువ్వు పట్టిన తీరు తప్పురా" అనేవారు.

ఇంజనీరింగు చదివాక ఆ రెండో నియమం వెనకున్న లెక్క తెలిసింది. పిడి చివర మధ్య నుంచి 200 మిల్లీమీటర్ల దూరంలో ఉండి, ఒక చుట్టుకు మర 5 మిల్లీమీటర్లు జరుగుతుందనుకోండి. చేయి సుమారు 1,256 మిల్లీమీటర్లు తిరిగితే దవడ 5 జరుగుతుంది. అంటే బలం 251 రెట్లు కావాలి. రాపిడిలో అందులో ఐదింట నాలుగు వంతులు పోయినా 50 రెట్లు మిగులుతుంది. పది కిలోల బలంతో తిప్పితే దవడల మధ్య అర టన్ను. రాపిడి తినేసిన భాగం వృథా అని కూడా అనలేం. సగానికి మించి రాపిడిలో పోతేనే, చేయి తీసేశాక కూడా మర తనంతట తాను వెనక్కి తిరగదు. వైసు పట్టు విడవకపోవడానికి కారణం అదే. పిడి పొడవు చేతి బలానికి లెక్కగట్టి పెట్టింది. దానికి మూడు రెట్ల గొట్టం తొడిగితే బిగింపూ మూడు రెట్లవుతుంది, పళ్లు మాత్రం పాతవే.

1984 జనవరి. నేను తొమ్మిదో తరగతి. సైన్సు ప్రదర్శనకు ఒక స్టాండు చేస్తున్నాం. లావుపాటి కడ్డీని వైసులో పెట్టి వంచాలి. కడ్డీ జారుతోంది. మాస్టారు హెడ్మాస్టరు గదికి వెళ్లిన సమయం చూసి, మూలనున్న నీళ్ల గొట్టం ముక్క పిడికి తొడిగి, నా బరువంతా వేసి లాగాను. టక్‌మని శబ్దం. పిడి ఒక్కసారిగా ఖాళీగా తిరిగింది.

గొట్టం తీసి మూలన పెట్టేశాను. మాస్టారు వచ్చి పిడి తిప్పి చూశారు. ఎవరు చేశారని ఒక్కసారే అడిగారు. గదిలో ఉన్న నలుగురం మాట్లాడలేదు. మిగతా ముగ్గురూ నాకోసం ఊరుకున్నారు. ఆయన రెండోసారి అడగలేదు. తర్వాత సగం నట్టు కింద ఒక ఇనుప చీల దిగ్గొట్టి, మీట పనిచేయకుండా చేసి, మిగిలిన పళ్లతోనే ఎలాగో నడిపారు. గట్టిగా బిగిస్తే జారిపోయేది. మా తర్వాత చదివినవారికి ఆ వైసు 'జారే వైసు'గా తెలిసి ఉంటుంది. అది దాని పుట్టుకతో వచ్చిన లోపం కాదని వారికి ఈ వ్యాసం ద్వారా మనవి.

స్టాకు రిజిస్టరులో 1984 మార్చి తనిఖీ పేజీ కూడా చూశాను. "బెంచి వైసు, 1. పళ్లు పోయినవి. క్రాఫ్టు టీచరు అజాగ్రత్త. రూ. 60 వసూలు." పక్కన మాస్టారి సంతకం. చేతిరాత తనిఖీ చేసినవారిది, సంతకం మాత్రం ఆయనది. ఆ పేజీ ముందు చాలాసేపు కూర్చున్నాను. తర్వాతి సంవత్సరాల్లో ఆయన్ను ఎన్నోసార్లు కలిశాను. నా పెళ్లికి వచ్చారు. ఇంజనీరునయ్యానని పదిమందికి చెప్పుకున్నారు. అరవై రూపాయల సంగతి ఒక్కసారీ ఎత్తలేదు. నేనూ గొట్టం సంగతి చెప్పలేదు. ఆయన పోయి పదహారేళ్లయింది.

బాగుచేయడం

పాత రంగులో సీసం ఉంటుంది. అందుకని పొడిగా గరుకు కాగితం రుద్దకుండా, రంగు కరిగించే ద్రావకం పూసి గీకాను. తుప్పుకు బట్టల సోడా కలిపిన నీళ్ల తొట్టి, బ్యాటరీ ఛార్జరు వాడాను. తుప్పు పట్టిన భాగానికి రుణధ్రువం, పాత ఇనుప రేకుకు ధనధ్రువం కలిపి ఒక రాత్రి ఉంచితే తుప్పు నల్లటి మడ్డిలా ఊడి వస్తుంది, మంచి ఇనుము అరగదు. ఈ పని ఆరుబయట చేయాలి, హైడ్రోజన్ వెలువడుతుంది. రేకు బదులు స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టకూడదు, అందులోని క్రోమియం విషపదార్థంగా మారుతుంది.

కష్టమైంది సగం నట్టు. మెట్రిక్ గేజీలు ఏవీ మరకు సరిపోలేదు, అంగుళాల గేజీ సరిపోయింది. పంటి ఆకారం కూడా మామూలుది కాదు, ఒక వైపు నిటారు, ఒక వైపు వాలు. బరువు ఎప్పుడూ ఒకే దిశలో పడుతుంది కాబట్టి నిటారు ముఖం దాన్ని మోస్తుంది. వాలు ముఖం వల్ల సగం నట్టు తేలిగ్గా పళ్లలోకి జారుతుంది. ఆటోనగర్‌లో ఒక లేతు పనివాడి చేత గన్‌మెటల్ నట్టు పూర్తిగా కోయించి, రెండు ముక్కలు చేసి, ఒకటి కూర్చాను. పిడి తిప్పాను. టక్. నలభై ఏళ్ల కిందటి అదే శబ్దం.

తప్పు లేతు పనివాడిది కాదు. నేను బొమ్మలో నిటారు ముఖాన్ని తప్పు వైపు గీశాను. బిగించగానే వాలు ముఖాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి నట్టును కిందికి తోసేస్తున్నాయి. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న ఇంజనీరుకు సిగ్గుచేటే. ఈసారి అతనికి నేనే ముందు చెప్పాను, "నా పొరపాటు, మళ్లీ డబ్బిస్తాను" అని. అతను నవ్వి, "మీరు చెప్పకపోతే నేను నా టూలునే అనుమానించేవాణ్ని సార్" అన్నాడు. రెండో నట్టు పట్టింది.

దవడల మీది గాట్లను మాత్రం ముట్టుకోలేదు. చదును చేయడం తేలిక. కానీ అవి రంపం అదుపు తప్పిన ప్రతి పిల్లవాడి గుర్తులు. బాగుచేయడమంటే పనికి వచ్చేలా చేయడమే గాని, ఏమీ జరగనట్టు చేయడం కాదని నా అభిప్రాయం. చీల దిగ్గొట్టిన చోట మాస్టారి సుత్తి గుర్తులూ అలాగే ఉన్నాయి. సున్నితమైన పనికి దవడల మీద రాగి రేకు తొడుగులు వేసుకుంటే చాలు.

బల్ల మీదికి

ఈ స్వర్ణోత్సవానికి వైసును అద్దాల పెట్టెలో పెట్టి ముఖద్వారం దగ్గర ఉంచుదామని కొందరు మిత్రులు ప్రతిపాదించారు. వారి ప్రేమ కాదనలేనిది. అయినా సంఘం వారిని నేను వేరొకటి కోరాను, వారు ఒప్పుకున్నారు. గత జూలైలో దాన్ని సైన్సు ల్యాబులో కొత్త టేకు బల్లకు నాలుగు బోల్టులతో బిగించాం. పక్కన రెండు పీటలు చేయించి పెట్టాను. మా రోజుల్లో ఆ గంటలో ఆడపిల్లలను కుట్టుపనికి పంపేవారు. ఈసారి మొదట పిడి పట్టింది తొమ్మిదో తరగతి అమ్మాయి. పీట ఎక్కి, అల్యూమినియం రేకు బిగించి, రంపం పెట్టింది. రెండో కోతలోనే రంపం జారి దవడ మీద చిన్న గీత పడింది. భయపడి నా వైపు చూసింది. ఫరవాలేదమ్మా, కానివ్వు అన్నాను.

స్టాకు రిజిస్టరు పాత పేజీలను ఇప్పుడు దిద్దడానికి వీలుండదు. కాబట్టి దిద్దుబాటును ఈ సావనీరులో రాస్తున్నాను. 1984లో వైసు పళ్లు పోయింది క్రాఫ్టు టీచరు అజాగ్రత్త వల్ల కాదు. ఆయన వద్దన్న పని ఆయన లేనప్పుడు చేసింది తొమ్మిదో తరగతి విద్యార్థి, ఈ వ్యాసకర్త. మాస్టారి కుటుంబ సభ్యులకు ఈ సంగతి ముందుగా వెళ్లి చెప్పి, వారి అనుమతితోనే అచ్చుకిచ్చాను.

ఉత్సవానికి వచ్చే మిత్రులు ల్యాబు వైపు ఒకసారి వెళ్లండి. దవడ ఎడమ వైపు వరసగా పన్నెండు పాత గాట్లు ఉన్నాయి. వాటిలో రెండు నావి. మిగతావి ఎవరివో వారు చెప్పుకోవచ్చు.